తంతి కచేరీ నుండి కొల్లేటి పల్లెలకు

కెనడా బాప్తిస్టు మిషను ఆంధ్రదేశంలో 1874వ సంవత్సరంలో పుట్టినదని పుస్తకాలలో వ్రాసి ఉన్నది. ఆ సంవత్సరం మార్చి నెలలో జాన్ మెక్లారిన్ అనే కెనడా దేశపు బోధకుడు కాకినాడకు వచ్చి కాపురం పెట్టినాడు. లెక్క అక్కడ మొదలు. 1924లో జరిగిన స్వర్ణోత్సవం ఆ సంవత్సరాన్ని పట్టుకొనియే జరిగినది.

మెక్లారిన్ కాకినాడ చేరేనాటికే అక్కడ ఒక సంఘం ఉన్నది. దానికి ఒక కాపరి ఉన్నాడు. ఆ కాపరి చేతి క్రింద పని చేసే ఉపదేశకులు ఉన్నారు. సముద్రతీరపు ఆ పట్టణానికి ఎంతో దూరాన, కొల్లేటి గట్టున ఉన్న మాలపల్లెలలో ఆయన బోధ విని బాప్తిస్మం పొందిన కుటుంబాలు ఉన్నవి. అసలు ఆయన పిలిచినందుననే మెక్లారిన్ వచ్చినాడు. ఆ పిలిచినవారి పేరు థామస్ గాబ్రియేలు. ఇల్లు కట్టినవాని పేరు కంటె గృహప్రవేశానికి విచ్చేసిన పెద్దమనిషి పేరు శిలాఫలకం మీద పెద్ద అక్షరాలలో కనిపించుట మన దేశంలో క్రొత్త కాదు గదా!

ఈ ప్రసంగంలో మేము మతసిద్ధాంతాల తారతమ్యాలలోనికి పోదలచలేదు. మా మాట వినేవారిలో అన్ని మతాలవారూ ఉన్నారు. నెలజీతం గల ఒక తెలుగు ఉద్యోగి తన బ్రతుకుతెరువును వదలుకొని, తాను నమ్మినదాని కొరకు అప్పులపాలై, కొల్లేటి చుట్టుపట్ల పేదపల్లెలలో ఏమి నిలిపి పోయినారో చెప్పుట మాత్రమే మా ఉద్దేశం. చరిత్రలో ఆయనకు రావలసిన చోటు రాలేదని మా అభిప్రాయం. ఎందుకు రాలేదో కూడా చెప్పవలసి ఉన్నది.

మొదట నేల సంగతి. తాడేపల్లిగూడెం నుండి గణపవరం, నిడమర్రు మీదుగా ఆకివీడు వైపు వెళ్ళేవారికి నేల అడుగడుగునా వంగుతున్నట్లు తోస్తుంది. ఏలూరు నుండి కైకలూరు పోయేవారికైతే ఆ వంపు ఇంకా బాగా తెలుస్తుంది. ఆ రోడ్డు సరస్సు కడుపులోనుండియే పోతుంది. కృష్ణ ఒకవైపు, గోదావరి ఒకవైపు వేల సంవత్సరాలు ఒండ్రు తెచ్చి పోసికొనగా, రెండింటి నడుమ పూడక మిగిలిపోయిన పల్లమే కొల్లేరు. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు వంటి ఏరులు వచ్చి అందులో పడతవి. నీరు సముద్రానికి పోవుటకు ఉప్పుటేరు ఒక్కటే దారి. వానకాలంలో సరస్సు ఉబ్బి ఊళ్ళ పొలిమేరలను ముంచుతుంది. అప్పుడు దిబ్బల మీది పల్లెలు ద్వీపాలవుతవి. తాటిమ్రానును తొలిచి చేసిన దోనె తప్ప మనిషికి మరొక కాలు లేదు. వేసవిలో నీరు తీసిపోయి, నడుములోతు బురద మిగులుతుంది. ఆ కాలంలో దోనె సాగదు, బండి కదలదు.

ఇట్టి దేశానికి పందొమ్మిదవ శతాబ్ది నడుమ రెండు పెద్ద మార్పులు వచ్చినవి. ఆర్థర్ కాటన్ ధవళేశ్వరం వద్ద గోదావరికి కట్టిన ఆనకట్ట 1852 నాటికి పూర్తి అయినది. విజయవాడ వద్ద కృష్ణకు 1855 నాటికి ఆనకట్ట పడినది. రెండు నదుల నీరు కాలువలలో పారినది. ఏలూరు కాలువ ద్వారా ఆ రెండు నదులకూ పడవదారి కలిసినది. ఏలూరు, తాడేపల్లిగూడెం మీదుగా రైలు 1890లలో గాని రాలేదు. అంతవరకు ధాన్యమైనా, పెళ్ళివారైనా, సర్కారు ఉద్యోగియైనా, పాదిరియైనా కాలువ పడవలోనే కదలవలసి ఉండెను. గట్టు మీద మనుషులు మోకు పట్టుకొని లాగుతుండగా పడవ రాత్రంతా సాగేది.

వరి పెరిగినది, కూలికి గిరాకీ పెరిగినది. అయినా కాలువ నీరు ఆసామి చేనికి వచ్చినంత తేలికగా మాలపల్లె బావికి రాలేదు. పల్లె ఊరికి దూరంగా, పల్లంలో ఉండేది. వరద వచ్చినప్పుడు మొదట మునిగేది అదే. తండ్రి చేసిన అప్పుకు కొడుకు పాలేరుతనం చేసే రోజులు. బడి లేదు, ఉన్న బడిలో ఆ బిడ్డలకు చోటు లేదు. ఊరిపండుగకు డప్పు కొట్టుట, చచ్చిన గొడ్డును లాగుట వంటి పనులు అడుగువారివి. కాదనుటకు వీలు లేదు. గాబ్రియేలు మాట ఎవరి చెవిని పడినదో తెలియవలెనంటే ఈ సంగతి మనస్సులో ఉంచుకొనవలెను.

కొల్లేటికి అన్ని వైపులా అప్పటికే మిషన్లు వెలసి ఉన్నవి. తూర్పున నరసాపురం, పాలకొల్లులలో విలియం బౌడెన్, జార్జి బీర్ అనే ఇద్దరు ఆంగ్లేయులు 1836లో ఇండియాకు వచ్చి స్థిరపడినారు. ఏ పెద్ద సంస్థ అండ లేకుండా వచ్చినవారు; ఆనకట్ట పనిలో ఉన్న కూలీల మధ్యకు వెళ్ళి బోధించినవారు. దక్షిణాన బందరులో 1841లో ఆంగ్లికన్ మిషను ప్రారంభమైనది. రాబర్టు నోబుల్ అక్కడ స్థాపించిన పాఠశాల పై కులాల పిల్లలకు ఇంగ్లీషు చదువు చెప్పినది. ఉత్తరాన ఏలూరులో మొదట జర్మను బోధకులు పని చేయగా, 1854లో అదియు ఆంగ్లికన్ వారి చేతికి వచ్చినది. ఇవన్నీ గట్టు మీది పట్టణాలు. సరస్సు నానుకొని ఉన్న లోపలి పల్లెలకు చేరుట దొరలకు సులువైన పని కాదు. నీటిదారి తెలిసి, నేలమాట వచ్చి, గుడిసెలో చాప మీద పడుకొని గంజి త్రాగగలిగినవాడే చేరవలెను.

ఇక గాబ్రియేలు. ఆయన ప్రభుత్వ తంతి శాఖలో ఉద్యోగి. మన దేశంలో తంతి వార్తలు ప్రజల వాడుకకు వచ్చినది 1855లో. అంతకుముందు బందరు నుండి మద్రాసుకు వార్త పోవుటకు రోజులు పట్టేది. తరువాత గంటలు చాలినవి. 1860ల నాటి తంతి కచేరీ గుమస్తా అంటే సామాన్యుడు కాడు. ఇంగ్లీషు అక్షరాలు రావలెను. టకటకమనే సంకేతాలను చెవితో విని చేతితో వ్రాయగలగవలెను. గడియారాన్ని నమ్మి బ్రతకవలెను. నెల తిరిగేసరికి సర్కారు జీతం చేతికి వచ్చేది. అణగిన కులాల నుండియు, క్రొత్తగా క్రైస్తవులైన కుటుంబాల నుండియు వచ్చిన యువకులకు అట్టి ఉద్యోగం దొరకుటయే ఒక జన్మ దాటినంత పని. తంతి తీగకు కులం లేదు. అక్షరం సరిగా పడినదా లేదా అన్నదే దానికి కావలసినది. తంతిలేని వార్తను గాలిలోనికి పంపి బ్రతికే మా బోటివారికి ఆయన మీద కొంత ప్రత్యేకాభిమానం ఉన్నదంటే శ్రోతలు తప్పు పట్టరనుకొంటాము. ఆ తంతి శాఖ వార్తలు 2013 జూలై నెలలో శాశ్వతంగా ఆగిపోయినవి. ఆగిపోయిననాడు దేశమంతటా కచేరీల ముందు జనం వరుసలు కట్టి చివరి తంతిని పంపుకొన్నారు.

అట్టి ఉద్యోగాన్ని గాబ్రియేలు వదలినారు. బాప్తిస్టు నమ్మకానికి వచ్చి, కాకినాడను స్థానంగా చేసికొని బోధకు పూనుకొన్నారు. వెనుక ఏ సంస్థ లేదు. ఏ దేశం నుండియు హుండీ రాదు. కాకినాడ అప్పుడు పెరుగుతున్న రేవు. అమెరికా అంతర్యుద్ధం వల్ల ఇంగ్లండు మిల్లులకు మన ప్రత్తి కావలసివచ్చినప్పుడు ఆ రేవుకు కళ వచ్చినది. ఓడలు, వర్తకులు, గోదాములు, క్రొత్త డబ్బు ఉన్నవి. ఆ రేవు వీధులలో ఒక తెలుగువాడు, మొన్నటి దాకా తంతి కచేరీలో కుర్చీ వేసికొని కూర్చున్నవాడు, నిలబడి బోధించుట చూచి జనం ఏమనుకొన్నారో ఊహించుట కష్టం కాదు. మంచి కొలువు పాడు చేసికొన్నాడని బంధువులు అనక మానరు. మన ఇళ్ళలో నేటికీ అదే మాట వినబడుతుంది.

బాప్తిస్టు కాపరికి సన్న్యాసం లేదు. ఇల్లాలు, బిడ్డలు, పొయ్యి, పెట్టె ఉన్న గృహస్థుడే కాపరి. ఇక్కడనే ఆ వృత్తిలోని చిక్కు అంతా ఉన్నది. సన్న్యాసి అయితే ఒక్క పొట్ట, భిక్షతో గడచిపోతుంది. గృహస్థుడు దైవకార్యానికి పూనుకొంటే అతని త్యాగం అతనితో ఆగదు. ఇంటిలోని ప్రతివారి కంచంలోనూ కనిపిస్తుంది. పైగా గాబ్రియేలుకు తన ఇల్లు ఒక్కటే కాదు. ఆయన చేరదీసిన ఉపదేశకులకు, వారి కుటుంబాలకు కూడా జరుగుబాటు చూడవలసి వచ్చినది.

అందుకొరకు ఆయన తోళ్ళ వ్యాపారంలోనికి దిగినారు. వచ్చిన లాభంతో బోధకులను పోషింపవచ్చునని ఆయన ఆలోచన. తోళ్ళు ఆనాడు మద్రాసు రాజధాని నుండి సీమకు పోయే సరకులలో ముఖ్యమైనవి. రేవుపట్టణంలో ఉన్నవానికి ఆ వ్యాపారం తట్టుట సహజం. కాని ఆ సరకును ఎన్నుకొనుటలో మరొక సంగతి కూడా ఉన్నది. తోలును ముట్టిన చేతిని మన సమాజం ఎక్కడ నిలిపినదో అందరికీ తెలుసు. తంతి ఉద్యోగంతో సంపాదించుకొన్న గౌరవాన్ని కాపాడుకొనవలెనని చూచేవాడు ఆ వ్యాపారం జోలికి పోడు. క్రైస్తవుల గ్రంథంలో పౌలు అనే అపొస్తలుడు డేరాలు కుట్టి తన పొట్ట పోసికొంటూ బోధ చేసినాడని ఉన్నది. గాబ్రియేలు ఆ దారిని తీసికొన్నారు.

వ్యాపారం నిలువలేదు. అప్పు మిగిలినది.

దీనిని గురించి రెండు మాటలు చెప్పవలెను. బోధకుడికి వ్యాపారం ఎందుకు, అది ఆయన చేసిన పొరపాటు అని అనేవారు అనవచ్చు. మేము అట్లు అనుకొనుట లేదు. సీమ నుండి చందాలు వచ్చే మిషనరీకి లెక్కల చిక్కు వేరే విధంగా ఉంటుంది. అతని లోటును దూరదేశపు దాతలు పూడుస్తారు. తెలుగువాడైన కాపరికి ఆ వెసులుబాటు లేదు. ఆయన తన చేతిలో ఉన్న సాధనంతో ప్రయత్నించినారు. మన భద్రాచల రామదాసు సర్కారు పైకంతో గుడి కట్టించి గోలకొండ చెరసాలకు పోయినాడు. ఆయనను మనం తప్పు పట్టుట మాని భక్తుడన్నాము. గాబ్రియేలు సర్కారు పైకం ముట్టలేదు. ఋణం చేసి, ఋణాన్ని తన నెత్తినే మోసికొన్నారు.

కొల్లేటి వైపు ఆయన బోధ సాగినది ఈ ఇబ్బందుల నడుమనే. కైకలూరు ప్రాంతంలోని గున్ననపూడి అందులో ముఖ్యమైన పల్లె. కాకినాడ ఎక్కడ, గున్ననపూడి ఎక్కడ! నడుమ గోదావరి పాయలు, కాలువలు, ఆపైన కొల్లేటి రేగడి. పటం ముందు పెట్టుకొని చూచేవారికి ఈ పోకడ వింతగా తోస్తుంది. పల్లెల తీరు తెలిసినవారికి వింత లేదు. ఆ రోజులలో మాలపల్లెలలో వార్త వియ్యపు దారిని నడిచేది. ఒక ఊరి పిల్లను మరొక ఊరికి ఇస్తారు. పండుగకు అల్లుడు వస్తాడు. పురిటికి కూతురు వస్తుంది. చావుకు అందరూ వస్తారు. ఒక ఇంట ఒకడు క్రొత్త మాట విన్నాడంటే ఆ సంవత్సరం తిరిగేలోపల నాలుగు ఊళ్ళలో దానిని గురించి వాదం నడుస్తుంది. తంతి స్తంభాలు లేని చోట్లకు చుట్టరికమే తంతి.

బాప్తిస్టులనగా ఎవరో తెలియని శ్రోతల కొరకు ఒక మాట. పసిబిడ్డకు నీరు చిలకరించుట వారికి సమ్మతం కాదు. బుద్ధి తెలిసిన మనిషి తన నోటితో తన నమ్మకాన్ని చెప్పి, నీటిలో మునిగి లేవవలెను. కొల్లేటి దేశంలో నీటికి కరువా? చెరువు, కాలువ, సరస్సు, ఎక్కడనైనా సరే. రెండవ సంగతి మాకు మరింత ముఖ్యంగా కనిపిస్తున్నది. బాప్తిస్టు సంఘానికి పైనుండి అధికారం చెలాయించే బిషపు లేడు. ఏ సంఘానికి ఆ సంఘమే పెద్ద. కాపరిని ఎన్నుకొనుట, తప్పు చేసినవానిని విచారించుట, క్రొత్తవారిని చేర్చుకొనుట సభ్యులు కూర్చుండి తేల్చుకొనవలసిన పనులు. ఆచరణలో మిషనరీ మాట చాలా కాలం బరువుగానే ఉన్నదని ఒప్పుకొనవలెను. జీతమిచ్చే చేయి ఎక్కడ ఉంటే మాట అక్కడ చెల్లుతుంది. అయినను, ఊరి కచేరీ అరుగు ఎక్కుటకు వీలులేని పాలేరు తన గుడిసెల నడుమ ఒక పందిరి క్రింద కూర్చుండి, ఫలానావారు మాకు కాపరిగా ఉండవలెనని చేయి ఎత్తినాడు. ఆస్తితోను చదువుతోను నిమిత్తం లేకుండా అందరికీ వోటు వచ్చినది 1952 ఎన్నికలలో. ఈ చేయి ఎత్తుట అంతకు ఎన్నో దశాబ్దాల ముందటి మాట.

అట్టి పల్లెలలో కాపరి అంటే ఆదివారం ఒక గంట ప్రసంగం చెప్పి పోయేవాడు కాడు. పల్లెవారు ఆయనను అయ్యగారు అంటారు. పగలు ఆయనే బడిపంతులు. పశువులను తోలుకొని వచ్చిన తరువాత రాత్రి దీపం పెట్టి పెద్దవారికి అక్షరాలు దిద్దించేది ఆయనే. కోర్టు కాగితం వచ్చినా, రంగూను పోయిన కొడుకు ఉత్తరం వచ్చినా చదివి చెప్పవలెను. కరణానికి అర్జీ వ్రాయవలెను. ఆలుమగల తగవు తీర్చవలెను. కలరా వచ్చినప్పుడు అందరూ తలుపులు మూసికొన్న ఇంటికి పోవలెను. అక్కడ చావు జరిగితే గొయ్యి త్రవ్వుటకు మనుషులను కూడగట్టవలెను. ఆదివారం పనికి రానన్న పాలేరును ఆసామి వెళ్ళగొడితే, ఆసామి ఇంటి ముందు నిలబడి బ్రతిమాలవలసినవాడు కూడా ఆయనే. ఇందుకు ప్రతిఫలం? కొత్త పంటలో మొదటి పనల ధాన్యం. ఆడవారు ప్రతిపూటా వండేముందు కుండలో పోసేదానినుండి తీసి వేరే ఉంచిన గుప్పెడు బియ్యం. ఆ గుప్పెడు బియ్యం ఆచారం తెలుగు సంఘాలలో ఎంతో కాలం నిలిచినది. దాతృత్వానికి దానిని మించిన ఉదాహరణ మాకు తోచదు. ఇచ్చే ఇంటిలో ఆ పూట ఆ గుప్పెడు తక్కువే.

పేదవాడు అన్నం కొరకు మతం మార్చుకొన్నాడనే మాట ఒకటి ఉన్నది. ఒంగోలు వైపు 1876 నుండి 1878 వరకు మహాక్షామం వచ్చినది. జాన్ క్లౌ అనే అమెరికా బాప్తిస్టు మిషనరీ బకింగ్‌హాం కాలువ త్రవ్వకం పనిలో ఒక భాగాన్ని తీసికొని వేలమందికి కూలి చూపినారు. ఆ తరువాత 1878 జూలై 3న ఒక్క దినంలో 2,222 మంది బాప్తిస్మం పొందినారు. ఆ వాదమంతా ఈ సంఖ్య చుట్టూ తిరుగుతుంది. అది సరియా కాదా అన్నది ఇక్కడ మన విషయం కాదు. కొల్లేటి సంగతి వేరు. గాబ్రియేలు బోధ ఆ క్షామానికి ముందటిది. పైగా ఆనకట్టల మూలాన డెల్టా భూములు ఆ క్షామంలో కూడా పండినవి. పంచి పెట్టుటకు గాబ్రియేలు చేతిలో బియ్యం లేదు, కూలిపని లేదు. ఆయన దగ్గర ఉన్నది అప్పు. అప్పులవాని వెంట జనం అన్నం కొరకు పోరు. మరి దేనికొరకు పోయినారు? మనిషిగా పిలిచి కూర్చోబెట్టిన మాట కొరకు పోయినారని మాకు తోస్తున్నది. గుడిసెలోనికి వచ్చి, వారి చాప మీద కూర్చుండి, వారి ముంత నీరు త్రాగి, వారి బిడ్డకు అక్షరం చెప్పుతానన్నవాడు ఆ పల్లెలకు అంతకు ముందు ఎంతమంది వచ్చినారు?

పని పెరిగినకొలది భారం పెరిగినది. ఒక్కడు మోయలేనంత అయినది. గాబ్రియేలు అండ కొరకు వెదకినారు. ఆ కాలంలో నెల్లూరు, ఒంగోలు ప్రాంతాలలో అమెరికా బాప్తిస్టు మిషను పని చేస్తున్నది. అందులో ఇద్దరు కెనడావారు ఉన్నారు. ఒకరు అమెరికస్ టింపనీ, 1867లో కెనడా నుండి బయలుదేరి వచ్చినవారు. రెండవవారు మెక్లారిన్. వీరి భార్యలు అప్పచెల్లెండ్రు. టింపనీ 1872లో రామపట్నంలో బోధకుల పాఠశాల ప్రారంభించినారు. గాబ్రియేలు ప్రతిపాదన చేసినది ఈ కెనడావారికే. కాకినాడలో పని ఉన్నది, మనుషులు ఉన్నారు, వచ్చి చేపట్టవలెను అని ఆయన కోరినది. అప్పటివరకు కెనడా బాప్తిస్టులకు తమదంటూ వేరే మిషను మన తెలుగు దేశంలో లేదు. అమెరికావారి క్రింద తమ మనుషులను పంపుతూ ఉండిరి. తెలుగువాని పిలుపును అందుకొని వారు స్వంత మిషనుకు ఒప్పుకొన్నారు. మరుసటి మార్చిలో మెక్లారిన్ కాకినాడకు వచ్చినారు.

ఆ అప్పగింతను గురించి ఆలోచించిన కొలది గాబ్రియేలు మనస్సు తెలుస్తుంది. తాను స్థాపించినది, తాను కాపరిగా ఉన్నది, తన ఉద్యోగాన్ని, తన పరపతిని ధారపోసినది. దానిని మరొకరి చేతిలో పెట్టి తాను రెండవ స్థానంలో నిలువవలెను. నిన్నటివరకు తన మాటే చివరి మాట. ఇకమీదట దొరగారి మాట. మన సంస్థలను ఎన్నింటినో చూచినాము. సంస్థ మునిగిపోయినా సరే, అధ్యక్ష పీఠం దిగనివారే ఎక్కువ. గాబ్రియేలు సంఘం బ్రతకవలెనని చూచినారు.

తరువాత ఆయన ఎక్కువ కాలం జీవించలేదు. మెక్లారిన్ వచ్చి సంవత్సరమైనా నిండకముందే, 1875 ఆరంభంలోనే, గాబ్రియేలు మరణించినారు.

ఇక మరపు సంగతి. మిషను సమాచారాలు ఇంగ్లీషులో వ్రాసినవి. కెనడాలోని దాతలు చదువుటకు వ్రాసినవి. టొరంటోలో కూర్చుండి డాలరు ఇచ్చేవానికి తన ఊరివాడు ఏమి చేసినాడో తెలియవలెను. అందుచేత కథ ఓడ దిగిన దినంతో మొదలవుతుంది. జాన్ క్రెయిగ్ అనే మిషనరీ 1908లో తెలుగువారి మధ్య నలుబది సంవత్సరాలు అని అర్థం వచ్చే పేరుతో ఒక చరిత్ర వ్రాసినారు. ఆ నలుబది ఎక్కడినుండి? టింపనీ ఓడ ఎక్కిన 1867 నుండి. స్వర్ణోత్సవం వారి లెక్క మెక్లారిన్ దిగిన 1874 నుండి. రెండు లెక్కలూ ఓడ ఎక్కినవారి, ఓడ దిగినవారి లెక్కలే. క్రెయిగ్ గాబ్రియేలును మరువలేదు. ఆయనను గురించి ఆదరంతోనే వ్రాసినారు. కాని పునాదిని పీఠికలో పెట్టి, ఇంటి కథను తరువాతి అధ్యాయంలో మొదలు పెట్టినట్లయినది.

మరొక కారణం కూడా ఉన్నది. గాబ్రియేలు పాటలు వ్రాయలేదు. పురుషోత్తమ చౌదరిగారిని చూడండి. 1803లో పుట్టి 1890 వరకు జీవించిన ఆ కవిని తెలుగు క్రైస్తవులలో ఎరుగనివారు లేరు. ఆయన ఎక్కడ బోధించినారో, ఏ మిషనులో ఉన్నారో చెప్పలేనివారు కూడా ఆయన కీర్తనలు పాడుతారు. కీర్తనకు కవి పేరు అంటుకొని ఉంటుంది. ఊరికి కాపరి పేరు అట్లు అంటుకొనదు. మూడు తరాలు గడిచేసరికి మా తాతల నాడు ఒక అయ్యగారు ఉండేవారు అన్నంతవరకు మాత్రమే మిగులుతుంది.

కాని కొల్లేటి పల్లెలు ఆయన మాటకు సాక్ష్యం పలుకుతూనే ఉన్నవి. టింపనీ కాకినాడకు వచ్చి కొంతకాలం పని చేసి 1885లో కలరా సోకి మరణించినారు. మెక్లారిన్ 1882లో సామర్లకోటలో తెలుగు కాపరులకు శిక్షణ ఇచ్చుటకు విద్యాలయం పెట్టినారు. అది రెండు సంవత్సరాల ముందు జరిగిన మరొక పనికి కొనసాగింపు వంటిది. 1880లో జాన్ క్రెయిగ్ ఆకివీడులో మిషను స్థానం తెరచినారు. ఆకివీడే ఎందుకు? అది రేవు కాదు, జిల్లా కేంద్రం కాదు. కొల్లేటి అంచున, ఉప్పుటేటికి దగ్గరగా ఉన్న ఊరు. పెద్దపట్టణమైన ఏలూరు ఆంగ్లికన్ వారిది. నరసాపురం బౌడెన్ వారిది. కెనడావారు ఆ పల్లపు దేశానికి వచ్చుటకు ఒక్కటే కారణం. అక్కడ వారి సంఘస్థులు ముందే ఉన్నారు. ఆకివీడులో బంగళా కట్టిన తరువాత గున్ననపూడి సంఘం పుట్టలేదు. గున్ననపూడి వంటి సంఘాలు ఉన్నందుననే ఆకివీడులో బంగళా లేచినది. తరువాతి కాలంలో డాక్టర్ పెర్ల్ చూట్ అనే కెనడా వైద్యురాలు అక్కడ నడిపిన వైద్యశాలకు సరస్సు నలుమూలల నుండి కాన్పులకు స్త్రీలు పడవలలో వచ్చేవారు. వారిలో అన్ని కులాలవారూ ఉన్నారు.

ఇప్పుడు ఆ దేశం చాలా మారినది. గాబ్రియేలు కాలంలో గోదావరి జిల్లాలో ఉన్న ఏలూరు ఆ తరువాత కృష్ణా జిల్లాకు మారి, 1925లో పశ్చిమగోదావరి జిల్లాకు ముఖ్యపట్టణమై, 2022లో తన పేరుతోనే జిల్లా అయినది. కైకలూరు ఆ క్రొత్త జిల్లాలోనికి వచ్చినది. ఆకివీడు పశ్చిమగోదావరిలోనే ఉండిపోయినది. కొల్లేరు 1999లో అభయారణ్యమైనది. 2002లో అంతర్జాతీయ ప్రాముఖ్యం గల చిత్తడి నేలగా గుర్తింపు పొందినది. అయితే సరస్సు నిండా చేపలచెరువుల గట్లు వేసికొన్నారు. 2006లో ప్రభుత్వం ఆ గట్లను కొట్టించినది; కొన్నిచోట్ల అవి మళ్ళీ లేచినవి. ఈ గట్టు తగవులలో ఎవరి భూమి ఎవరిది అన్న ప్రశ్న వచ్చినప్పుడు, మత్స్యకారులైన వడ్డీలతోపాటు గట్టు మీది దళితవాడలవారు కూడా కాగితాలు పట్టుకొని నిలుస్తున్నారు. ఆ కాగితాలు చదవగలిగిన మొదటి తరం ఎక్కడ చదువుకొన్నదని అడిగితే, చాలా పల్లెలలో అయ్యగారి బడి అనే సమాధానం వస్తుంది.

క్రెయిగ్ 1880లో పడవ దిగి ఆకివీడులో అడుగు పెట్టేనాటికి గాబ్రియేలు పోయి ఐదు సంవత్సరాలు అయినది. గట్టు మీద క్రెయిగ్‌కు ఎదురు వచ్చినవారు అప్పటికే సంఘస్థులు. వారికి ప్రార్థన నేర్పినవారు వేరొకరు. క్రెయిగ్ వచ్చేవరకు ఆ ఐదేండ్లు, చదువుకొన్న ఒకరిద్దరు చదువుతుండగా మిగిలినవారు వింటూ, ఆ పల్లెలవారు తమ ఆదివారాలను తాము జరుపుకొంటూనే ఉన్నారు.